దుమ్ము దులిపేటోని మాట

నన్నెవ్వలడగలె. అయినా చెప్త.
ఫర్వానియాల, బేకరీ ఎనుక గల్లీ, కుంజుమోన్ దుకాణం.
తొమ్మిదేండ్ల సంది గేము డబ్బాల పొట్టలు కోస్తున్న.
నల్లదైనా తెల్లదైనా, ఏ కంపెనీదైనా
లోపల ఒక్కటే:
ఫ్యాను రెక్కల మీద ఎడారి.

బాగు చేస్తే సరిపోదు, ఆడి చూడాలె
పది నిమిషాలు, వేడెక్కుతదో లేదో.
అట్ల లోకంల ఉన్న ఆటలన్నీ
పది నిమిషాల మందమే ఎరుక నాకు.
మొదళ్ళు తెలిసినోన్ని.
ఏ కథ యాడ తెగిందో అడగకుండ్రి.

పంటల ఆట.
ఇత్తు ఏసి రెప్ప కొట్టేలోపు మక్క కంకి.
బోరు ఎండది, ట్రాన్స్‌ఫార్మర్ కాలది.
గడ్డి మీది మంచు గూడ మంచిగ గీసిండ్రు,
అప్పిచ్చినోని మొఖం గీసుడే మరిచిండ్రు.
ఐదుకు రెండు.

కార్ల ఆట నేను సరిగ చూడలె.
నా పది నిమిషాలు టాక్సీ హన్మాండ్లు తిన్నడు.
సిగ్నల్ తెంపినా ముఖాలఫా పడది,
గోడకు గుద్దినా కఫీల్ ఫోను రాదు.
"భయం లేంది ఇదేం డ్రైవింగురా" అన్నడు,
అనుకుంట రెండు గంటలు లేవలె.

తుపాకుల ఆట మా దగ్గర బాగ అమ్ముడుపోతది.
చప్పుడు మెచ్చుకోవాలె: తూటా ఇసుకల దిగితే
అచ్చం అట్లనే ఉంటదని బదర్ వాళ్ళ తాత అన్నడు,
తొంభైల చెవులతోని విన్నోడు.
మనవని భుజం మీదికెల్లి వంగి చానాసేపు చూసిండు.
"మనం పడగొట్టేటోళ్ళంత
నా లెక్కనే దిష్‌దాషాలు ఎందుకేసుకున్నరు?"
బదర్ ఆట ఆపలె.
సౌండు తగ్గించిండు.
దీనికి మార్కులెయ్య నాకు చేతగాదు.

ఇటుకలు పేర్చుకునే ఆటను
స్కాఫోల్డింగు భూమేశ్ శుక్రారం ఒచ్చి ఆడిండు.
పదకొండు అంతస్తులు లేపిండు, పగ్గం లేదు, హెల్మెట్ లేదు.
పైకెల్లి కావాలని దునికిండు.
లేచిండు. మల్ల దునికిండు.
మల్ల.
కంట్రోలర్ కింద పెట్టి
"చాయ్‌కి పోదాం పా" అన్నడు.

రంగు గోలీలు జతచేసే ఫోను ఆటకు
నేను ఒకటిన్నర ఇద్దామనుకున్న.
సల్వాల ఇంటిపని చేసే రాయచోటి రత్నకుమారి
పిల్లోని పగిలిన గేము పట్టుకొచ్చి నా మాట ఇన్నది:
"కత లేదంటావా నాయనా?
పొద్దంతా వాళ్ళింటి కతలు మోసేదాన్ని.
రాత్రి పదకొండుకు ఆ ఇరవై నిమిసాలే నావి.
వాటిల్లో కూడా కత పెట్టాలా?"
మూడున్నర చేసిన. ఇంకొంచెం పెంచుతుండొచ్చు.

పాత క్యాసెట్టు డబ్బాలు నయం.
మట్టి ఊది పెడితే నడిచేటియి.
ఇప్పటియి తెరవంగనే అడుగుతయి:
పేరు, పుట్టిన తారీఖు, కార్డు నంబరు, ఏ దేశం.
దేశం కాడ నా ఏలు
ఎప్పుడూ ఒక క్షణం ఆగుతది.

ఇప్పుడు బల్ల మీద ఒకటుంది.
ఇచ్చినోడు వీసా రద్దయి పోయిండు, రసీదు మీది నంబరు మోగది.
మూడు నెలల గడువు దాటింది.
"తుడిచి అమ్మేయ్" అన్నడు కుంజుమోన్.

ఆన్ చేసిన.
రెండు వందల పన్నెండు గంటల ఆట,
నూటికి తొంభై నాలుగు.
తెర మీద ఒక మనిషి, వీపుకు మూట,
మూసిన తలుపు ముందట నిలబడ్డడు.
వాన పడ్తుంది.
బటన్ ఒత్తితే తలుపు తెరుచుకుంటదేమో.
నాకు ముగింపులు అలవాటు లేదు.
పది నిమిషాలు చూసిన, ఇరవై చూసిన,
ఫ్యాను సప్పుడు మంచిగనే ఉంది.

రేపు తుడుస్త అని చెప్పిన.
ఇయ్యాల నాలుగో రేపు.